ఆకలి వేయనివ్వండి

‘మావాడు ఏమీ తినడండీ!’ పిల్లల డాక్టర్ల దగ్గర పొద్దస్తమానం వినిపించే మాట ఇది. తీరా తూకం వేస్తే చాలాసార్లు ఆ బిడ్డ వయసుకు తగ్గ బరువే ఉంటాడు. ఒక చిన్న లెక్క తెలియకపోవడం వల్ల ఇంత గొడవ. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతాడు. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆపైన ఏటా సుమారు రెండు కిలోలు. పెరుగుదల నెమ్మదించాక ఆకలీ నెమ్మదిస్తుంది. మొదటి పుట్టినరోజు దాకా గిన్నె ఖాళీ చేసిన పిల్ల ఏడాదిన్నరకు నాలుగు ముద్దలకే మొహం తిప్పేస్తే అది జబ్బూ కాదు, మొండితనమూ కాదు. ఆ సంగతి తెలియని ఇంటిల్లిపాదీ గిన్నె పట్టుకుని వెంటపడతారు. బూచాడొస్తాడంటారు, ఫోనులో పాట పెడతారు. అన్నం తినలేదు కదా, పోనీ పాలైనా తాగనీ అంటారు. అసలు కథ అక్కడే అడ్డం తిరుగుతోంది.

పిల్లల తిండి గురించిన బెంగ మాత్రం ఉత్తదేమీ కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశం మొత్తమ్మీద ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో తగినన్ని రకాలు, తగినన్నిసార్లు తింటున్నవారు 11 శాతమే. పేదరికం ఇందులో పెద్ద భాగమే, కాదనలేం. కానీ తినడానికి లోటు లేని ఇళ్లలోనూ రక్తం తక్కువున్న పిల్లలు కనిపిస్తున్నారంటే, వాళ్ల కడుపు ఖాళీగా ఉందని కాదు, పనికిరానివాటితో నిండిపోతోందని అర్థం.

మూడేళ్ల పిల్లాడి రోజును ఒకసారి లెక్కగట్టి చూడండి. లేవగానే గ్లాసుడు పాలు, అందులో రెండు చెంచాల పొడి, ముంచుకోవడానికి రెండు బిస్కెట్లు. పదింటికి మరో బిస్కెట్టు. మధ్యాహ్నం చారన్నం నాలుగు ముద్దలు, పెరుగన్నం నాలుగు ముద్దలు. సాయంత్రం మళ్లీ పాలు, తాతయ్య తెచ్చిన ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు. రాత్రి అన్నం తినలేదని పడుకునే ముందు ఇంకో గ్లాసు పాలు. మూడు గ్లాసులకు 600 మిల్లీలీటర్లు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు. అర లీటరు పాలలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రొటీను మిగతా తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఏడాది దాటిన బిడ్డకు పాలు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు మించకూడదు, అదీ గ్లాసుతోనే. సీసాతో నిద్రలో తాగిస్తే పళ్లు పుచ్చడం అదనం. ఏడాది లోపు పిల్లలకు ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా పట్టడం అసలే కూడదు. కొందరి పేగుల్లో కంటికి కనిపించనంతగా నెత్తురు కారుతుంది.

ఇక పాలల్లో కలిపే పొడుల సంగతి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే ఆన్‌లైన్ అమ్మకందారులకు ‘హెల్త్ డ్రింక్’ అనే విభాగంలోంచి ఇలాంటి పానీయాలను తీసేయమని సూచించింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న నిర్వచనమే లేదు. డబ్బా వెనక ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చదివితే ఎవరికి వారికే తెలిసిపోతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు విడిగా చక్కెర కలపనవసరమే లేదు.

‘ఆకలి రుచెరుగదు’ అన్నవాళ్లు ఊరికే అనలేదు. పిల్లలచేత కూర తినిపించడానికి కావలసిన మొదటి దినుసు ఆకలి. అది వంటింట్లో దొరకదు, గడియారంలో దొరుకుతుంది. రెండేళ్లు దాటిన బిడ్డకు రోజుకు మూడు పూటల భోజనం, రెండుసార్లు చిరుతిండి, ఒక్కోదానికీ మధ్య రెండున్నర నుంచి మూడు గంటల ఎడం. పొద్దున ఏడున్నర, పదిన్నర, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం నాలుగు, రాత్రి ఏడు అనుకోండి. మధ్యలో మంచినీళ్లు తప్ప మరేదీ లేదు. పాలు కూడా ఈ వేళల్లో ఒకటిగానే ఇవ్వాలి. తినడానికి ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఆ తర్వాత తిట్టకుండా, బతిమాలకుండా కంచం తీసేయాలి. అన్నం వద్దన్నాడని వెంటనే దోసె వేసి పెట్టకూడదు. ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దల ఇష్టం. ఎంత తినాలో బిడ్డ ఇష్టం.

చాలా ఇళ్లలో ఇది మూడో రోజుకే బెడిసికొడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు పిల్లలు ఏడుస్తారు. రెండో రోజు నాయనమ్మకు మనసాగక చాటుగా ఓ బిస్కెట్టు చేతిలో పెడుతుంది. అంతటితో బిడ్డకు తెలిసేది ఒకటే: కాస్త గట్టిగా ఏడిస్తే పని జరుగుతుంది. అందుకే అమ్మమ్మ, తాతయ్య, పనిమీద ఇంటికొచ్చే పిన్ని సహా అందరూ ఒకే మాట మీద ఉండాలి. అన్నిటికన్నా సులువైన మార్గం, బిస్కెట్ డబ్బాను పై అరలోకి ఎక్కించడం కాదు, కొనడం మానేయడం. పై అరలో ఉందని పిల్లలకు తెలుసు.

ఎంత పెట్టాలన్న విషయంలో మన అంచనాలు పెద్దవాళ్ల కంచాన్ని బట్టి సాగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పే కొలత 250 మిల్లీలీటర్ల గిన్నె: ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి పూటకు అర గిన్నె దాకా, తొమ్మిది నుంచి పదకొండు నెలలకు అర గిన్నె, ఏడాది నుంచి రెండేళ్ల దాకా ముప్పావు నుంచి గిన్నెడు. పది కిలోల బిడ్డ కడుపులో పట్టేదే సుమారు 300 మిల్లీలీటర్లు. అంత చిన్న చోట చారునీళ్లు పోస్తే ఇంకేం మిగులుతుంది? చారన్నం తప్పేమీ కాదు, అదొక్కటే భోజనం కావడం తప్పు. పిల్లల అన్నంలో రెండు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు పడాలి. అందులో చిన్న చెంచాడు నెయ్యి. ఉన్న కొద్ది చోటులో బలం ఎక్కువ పట్టించే ఉపాయం నెయ్యి, నూనే.

రాగిజావ దగ్గర చాలామంది పొరపడుతున్నారు. రాగుల్లో కాల్షియం పుష్కలం. 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. కానీ మనం కాచే జావలో పిండి ఎంత? గ్లాసుడు నీళ్లకు ఒక పెద్ద చెంచా, పది గ్రాములు. అంటే 30 కేలరీల చిల్లర. బిడ్డ కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టేది ఏమీ లేదు. పిండి ఎక్కువ వేస్తే సంకటిలా గట్టిపడి మింగుడు పడదు. ఈ చిక్కుకు పరిష్కారం మొలకెత్తించడం. రాగులు కడిగి పది పన్నెండు గంటలు నానబెట్టి, నీళ్లు వంపేసి పల్చటి నూలుబట్టలో మూటగట్టాలి. పూటకోసారి నీళ్లు చిలకరిస్తూ ఉంటే రోజు, రోజున్నరకు తెల్లటి మొలకలు వస్తాయి. వానాకాలంలో పుల్లటి వాసనో జిగురో కనిపిస్తే మొహమాటపడకుండా పారబోయాలి. మొలకెత్తిన గింజలను ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి, సన్నని సెగన కాస్త వేడిచేసి, నలిపి మొలకలు చెరిగేసి, మర పట్టించాలి. తడి మిగిలితే పిండి వారానికే ముక్కిపోతుంది. మాడేలా వేయిస్తే చేసిన పనంతా వృథా. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టిన ఎంజైములే పిండిపదార్థాన్ని తెంపి జావను పల్చన చేస్తాయి, పెద్ద సెగకు అవి చస్తాయి. ఈ పిండి మూడు పెద్ద చెంచాలు గ్లాసుడు చన్నీళ్లలో కలిపి సన్నసెగ మీద కాస్తే, మామూలు పిండయితే ముద్దయ్యేది కాస్తా తాగేలా జారుగా వస్తుంది. చెంచాడు వేయించిన పల్లీల పొడి, కాసిని పాలు కలిపితే బిడ్డకు అది నిజమైన ఫలహారం.

ఆకుకూరల్లో ఇనుమున్నా మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. విటమిన్ సి తోడైతే పడుతుంది. తోటకూర పప్పు, మునగాకు పప్పు దించాక నిమ్మరసం పిండటం, అదీ పొయ్యి మీద కాదు, కంచంలో. సెగకు విటమిన్ సి నశిస్తుంది. అన్నం తిన్నాక నాలుగు జామ ముక్కలు. భోజనం దగ్గర టీ చుక్క వద్దు. మాంసం తినే ఇళ్లలో వారానికోసారి చిన్న కార్జం ముక్క మెత్తగా ఉడికించి అన్నంలో నలిపి పెడితే ఖరీదైన టానిక్కుల అవసరం తగ్గుతుంది. ముళ్ల భయం ఉన్నవాళ్లకు కొరమీను ఉంది. గుడ్డు రోజుకొకటి.

కొత్త కూరను ఒకసారి ఉమ్మేస్తే ‘వీడికి బెండకాయ పడదు’ అని తీర్మానించేస్తాం. ఒక రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు నోటికి తగలాలని పిల్లల ఆహారపు అలవాట్లపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఇష్టమైన పప్పన్నం పక్కన ఒకే ఒక్క ముక్క, ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఉంచడం మేలు. ముట్టుకుని వదిలేసినా లెక్కలోకే వస్తుంది. ‘కూర తింటే చాక్లెట్’ అన్న బేరం మాత్రం వద్దు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది. సొరకాయను ఎవరికీ తెలియకుండా దోసె పిండిలో రుబ్బేయడం ఓ పూటకు గట్టెక్కిస్తుంది, సొరకాయ అనే కూరను మాత్రం బిడ్డకు పరిచయం చేయదు. మన వంటల్లో కారం మరో అడ్డంకి. కారం వేయకముందే బిడ్డ వాటా వేరే గిన్నెలోకి తీసి, జీలకర్ర, కరివేపాకు పోపు పెడితే ఇంట్లో వండిన కూరే వాడూ తింటాడు. చప్పిడి తిండి ఎవరికీ రుచించదు, పిల్లలకూ అంతే. ఏడాది నిండే దాకా మాత్రం ఉప్పు కలపకండి, తేనె నాకించకండి.

కరివేపాకు, ముక్కలు ఏరి కంచం అంచున పెట్టే నాన్నకు ఎదురుగా కూర్చున్న కొడుకు కూడా ఏరతాడు. దీనికి పాఠం అక్కర్లేదు.

ఫోను గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం దగ్గర ఫోను చేసే కీడు మరొకటి: నోట్లో ఏముందో, కడుపు నిండిందో లేదో బిడ్డకు తెలియదు. కొన్ని ముద్దలు ఎక్కువే పోతాయి, నిజమే. కానీ తినడం నేర్చుకోడు. నమలకుండా బుగ్గన దాచుకునే అలవాటు కూడా తరచూ అక్కడే మొదలవుతుంది. నవ్వుతూ, పరుగెడుతూ ఉన్న పిల్లల నోట్లో ముద్ద పెట్టడం ప్రమాదం కూడా. ఐదేళ్లలోపు వారికి పల్లీలు, బాదం, వేయించిన శెనగలు గింజలుగా ఇవ్వకూడదు, పొడిచేసి ఇవ్వాలి. ద్రాక్షను నిలువునా చీల్చాలి.

ఇంత చెప్పి భారమంతా తల్లుల నెత్తిన వేసి తప్పుకోవడం న్యాయం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. చక్కెర కలిపిన శీతల పానీయాలను 40 శాతం శ్లాబులో పెట్టిన ప్రభుత్వానికి చక్కెర చేసే కీడు తెలియదనుకోలేం. సీసాలో ఉంటే చెడ్డదైన చక్కెర రేపర్‌లో చుడితే మంచిదెలా అయింది? తెలంగాణలో అంగన్‌వాడీల ద్వారా ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు ఇస్తున్నారు. పథకం మంచిదే. కానీ ప్యాకెట్టు చేతికివ్వడంతో పని పూర్తయిందనుకుంటే, ఆ పిండి ఇంట్లో నలుగురు పిల్లల పాలవుతుంది. 250 మిల్లీలీటర్ల గిన్నె ఒకటి ఆ ప్యాకెట్టుతో పాటే ఇచ్చి, ఏ వయసుకు ఎంతో గిన్నె మీద గీతలు గీయిస్తే అయ్యే ఖర్చు ఎంత?

రక్తహీనత లేని భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇవ్వాలి. ఏడాది దాటినవారికి ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల మాత్ర, రెండేళ్ల లోపైతే సగం. సిరప్ మొదలుపెట్టాక మలం నల్లగా అవుతుంది. అది చూసి హడలిపోయి చాలామంది తల్లులు సీసా పక్కన పడేస్తున్నారు. ఆ నలుపు వల్ల ఏ హానీ లేదని, సిరప్‌ను పాలతో కలిపి పట్టొద్దని, జ్వరమో విరేచనాలో ఉన్న రోజుల్లో మాత్రం ఆపాలని సీసా చేతికిచ్చేటప్పుడే ఆశా కార్యకర్త చెప్పేలా ఆరోగ్య శాఖ చూడాలి.