గుంటూరు చరిత్ర గుంటూరులో దొరకదు

గుంటూరు చరిత్ర అనగానే కొండవీడు, చీరాల–పేరాల, పెదనందిపాడు గుర్తొస్తాయి. 1779 మాత్రం ఎవరి నోటా రాదు.

అప్పట్లో గుంటూరు సర్కారు (అంటే ఒక పాలనా ప్రాంతం) నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది. ఆయన మకాం ఆదోనిలో, కొలువులో ఫ్రెంచి సేన. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పుణ్యమా అని 1778లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మళ్లీ తలపడ్డాయి. దాంతో మద్రాసు కంపెనీ దొరలకు టెన్షన్ పట్టుకుంది. నిజాంను పక్కనపెట్టి బసాలత్ జంగ్‌తో ఒప్పందం కుదుర్చుకుని గుంటూరును కౌలుకు తీసుకున్నారు. నిజాం మండిపడ్డాడు. ఆదోనికి బయల్దేరిన కంపెనీ పటాలానికి హైదర్ అలీ మనుషులు దారివ్వలేదు. 1780లో హైదర్ కర్ణాటకం (ఆర్కాటు నవాబు రాజ్యం) మీద విరుచుకుపడటానికి, కంపెనీ పట్టుకున్న ఫ్రెంచి రేవు మాహేతోపాటు గుంటూరూ ఒక కారణం. కలకత్తాలో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ తల పట్టుకుని, నిజాంను చల్లబరచడానికి సర్కారును వెనక్కి ఇప్పించాడు. చివరికి 1788లో, కారన్‌వాలిస్ హయాంలో, అది కంపెనీ పరమైంది.

ఇది జిల్లా చరిత్రా, అంతర్జాతీయ చరిత్రా? మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని ‘స్థానికం’ గంపలో వేసేస్తారు. నా అభ్యంతరం అక్కడే. ఈ కథ రాయాలంటే చెన్నై ఎగ్మూరులోని మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు, లండన్‌లోని ఇండియా ఆఫీసు కాగితాలు, ఫ్రెంచి దస్త్రాలు, ఫార్సీ ఉత్తరాలు అన్నీ తిరగేయాలి. నాగార్జున విశ్వవిద్యాలయం నంబూరు క్యాంపస్‌లో కూర్చుంటే తెమిలే పని కాదు.

ఆర్కైవ్ పని అంటే దుమ్ము దులపడం అనుకునేవాళ్లు రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్‌ను గుర్తు చేసుకోవాలి. విదేశాంగ శాఖ చారిత్రక విభాగాన్ని నడుపుతున్న ఆయన్ను 1959 చివర్లో లండన్ పంపితే, అక్కడి పాత కాగితాలు చూసొచ్చి అక్సాయ్ చిన్‌పై భారత్ వాదన గట్టిదని నెహ్రూకు చెప్పారు. ఆ అంచనాతో ఏకీభవించని చరిత్రకారులున్నారు, అది వేరే చర్చ. తర్వాత ఆయన రాసిన నెహ్రూ జీవితచరిత్ర మొదటి సంపుటం 1975లో, మూడోది 1984లో వచ్చాయి. ఏటా ఎన్ని పేపర్లు వేశావని లెక్కలడిగే నేటి పద్ధతిలో అలాంటి పుస్తకం పుడుతుందా?

గోపాల్‌కు ఆక్స్‌ఫర్డ్ చదువుంది, ఇంటి పేరుంది. మన పిల్లలకు ఉండేది నెలకు 37,000 రూపాయల జేఆర్‌ఎఫ్ పరిశోధన భృతి, అదీ నెట్ పరీక్షలో నెగ్గినవాళ్లకే. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో కొన్ని దస్త్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి, మంచిదే. చదవడానికి భాష రావాలిగా! విజయవాడ, గుంటూరుల్లో ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లకు కరువు లేదు, ఈ దస్త్రాలకు కావాల్సింది మాత్రం ఫ్రెంచి, ఫార్సీ కూడా. ముందు పీహెచ్‌డీ విద్యార్థికి ఏడాదిపాటు ఫ్రెంచో ఫార్సీయో నేర్పించి, ఆరు నెలల ఆర్కైవ్ ఖర్చు విశ్వవిద్యాలయమే పెట్టుకోవాలి. పేపర్ల లెక్క ఆ తర్వాత అడగొచ్చు.