రోల్ నంబర్ 17, లేచి సదువు!

భయానికి మందు కనిపెట్టింది మన బడి సార్లే. ఆ మందు పేరు "భయపడకు". పిల్లోడు లేచి నిలబడతాడు. పుస్తకం పట్టుకున్న చెయ్యి వణుకుతుంటుంది, పెదవులు ఆడుతుంటాయి, మాట మాత్రం బయటికి రాదు. వెంటనే ఒక మోతాదు వేస్తారు: "భయమెందుకురా, ఏం కాదు." గుణం కనిపించకపోతే రెండోది: "గట్టిగ సదువు." దానికీ లొంగకపోతే ఇక సూది మందే: "పొద్దున బువ్వ తిన్లేదా?" క్లాసంతా గొల్లుమంటుంది. వైద్యం ముగిసింది. రోగి పదో తరగతి దాటేదాకా మళ్లీ నోరు తెరవడు కాబట్టి జబ్బు తిరగబెట్టిందన్న ఫిర్యాదు కూడా రాదు.

ఈ వైద్యాన్ని తక్కువ చేసి మాట్లాడడం మన ఉద్దేశం కాదు. దీన్ని మిగతా శాఖలకు ఎందుకు విస్తరించలేదన్నదే బాధ. "జ్వరం తెచ్చుకోకు" అని గేటుకు బోర్డు కట్టి జిల్లా ఆసుపత్రులన్నీ మూసేయొచ్చు. ఖజానాకు ఎంత మిగులు!

అయితే మందు అమ్ముడుపోవాలంటే ముందు జబ్బు ఉండాలి కదా. పిల్లలు భయంతో పుట్టరు. వాగు గట్టున, బావి కాడ, బతుకమ్మ కాడ గొంతు చించుకుని అరిచే పిల్లలే వీళ్లు. అంత గొంతును అణచాలంటే పద్ధతి ప్రకారం కష్టపడాలి. నల్లగొండ నుంచి నారాయణపేట దాకా ఆ పద్ధతి ఒక్కటే: "రోల్ నంబర్ వారీగ, ఒక్కొక్కరు ఒక్కో పేరా."

ఆ యంత్రం పనిచేసే తీరు చూసి తీరాలి. మధ్యాహ్న భోజనం తర్వాత సాంఘిక శాస్త్రం పీరియడ్. క్లాసులో 38 మంది. సార్ కుర్చీలో కూర్చుని ఫోన్లో ఆన్‌లైన్ ఎంట్రీలు మొదలుపెట్టాడు. (ఆ ఎంట్రీలు ఆయన కోరి తెచ్చుకున్నవి కావు, ఆ పాపం పైవాళ్లది.) రోల్ నంబర్ 17 పని కూడా మొదలైంది. 4 లేదు, 9 రాలేదు. పదిహేడులోంచి రెండు తీస్తే పదిహేను. వేలు పెట్టి పదిహేనో పేరా వెతికాడు. రెండే లైన్లు! మల్లన్నకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇంతలో 6వ నంబరు గలగలా చదివింది. సార్‌కు ముచ్చటేసింది. "ఇంకోటి సదువు బిడ్డా." అయిపోయింది. ఒక పేరా జరిగింది. పదహారోది చూశాడు: "సర్వసత్తాక సామ్యవాద లౌకిక ప్రజాస్వామ్య గణతంత్ర రాజ్యం". రాజ్యాంగ ప్రవేశిక. గుడ్లు తేలేశాడు. 11వ నంబరు రెండు మాటలు నమిలి ఆగిపోతే సార్ "కూసో, ఎన్కాయన లే" అన్నాడు. అదే పేరా 12 చదివాడు. మళ్లీ పదిహేను! ప్రాణం లేచొచ్చింది. అంతలో తలుపు కాడ "మే ఐ కమిన్ సార్" వినిపించింది. 4వ నంబరు గైర్హాజరు కాదట, నీళ్లకు పోయిందట. "ఇప్పుడొస్తున్నవా, నువ్వు సదువు." మళ్లీ పదహారు. గణితంలో పాస్ మార్కులకు దూరంగా ఉండే పిల్లోడు ఇరవై నిమిషాల్లో ఇన్ని కూడికలు తీసివేతలు తప్పు లేకుండా చేశాడు. ఈ ప్రతిభను గుర్తించే పరీక్ష ఇంకా ఎవరూ పెట్టలేదు.

సరే, రాత అనుకుని ప్రవేశిక మీద పడ్డాడు. లోలోపల గొణుక్కుంటూ "సర్వసత్తాక" దాటాడు, "లౌకిక" దాటాడు, "గణతంత్ర" కాడ రెండుసార్లు తట్టుకుని అదీ దాటాడు. 16వ నంబరు కూర్చున్నాడు. 17 లేచాడు. సార్ ఫోన్లోంచి తలెత్తాడు. "ప్రవేశిక మొన్ననే అయింది గదరా. అది ఇడిసిపెట్టి తర్వాతది సదువు."

ఆ పదిహేడో పేరా పిల్లోడు పుట్టి బుద్ధెరిగాక చూసింది లేదు.

ఇంతకీ పాఠం దేని గురించి? 17ను అడగొద్దు. తన ముందువాళ్లు చదివిన ఒక్క ముక్కా అతని చెవిన పడలేదు. 18 నుంచి 38 దాకా కూడా అడగొద్దు, వాళ్ల లెక్కల్లో వాళ్లున్నారు. 1 నుంచి 16 దాకా అసలే వద్దు, గండం గడిచిందని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. దీన్నే పఠనం పీరియడ్ అంటారు.

సార్లకు తెలియక కాదు. ఆదర్శ పఠనం, మౌన పఠనం, ప్రకాశ పఠనం అని డీఎడ్‌లో రాసి, టెట్‌లో రాసి, డీఎస్సీలో రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే. ముందు టీచర్ చదివి వినిపించాలి, తర్వాత పిల్లలు కళ్లతో చదివి అర్థం చేసుకోవాలి, గొంతెత్తడం ఆ తర్వాతే. పాఠ్య ప్రణాళికలో ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ రాస్తారు. క్లాసులో మాత్రం ఆదర్శమూ ఉండదు, మౌనమూ ఉండదు, నేరుగా ప్రకాశమే.

గొంతు ఎందుకు వణుకుతుందో కూడా తెలియని సంగతేం కాదు. భయమేస్తే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె పరిగెడుతుంది, నోట్లో తడి ఆరిపోతుంది, ఊపిరి పొట్టలోకి దిగకుండా రొమ్ము పైభాగంలోనే ఆడుతుంది. గొంతు పలకాలంటే గాలి కావాలి. ఆ గాలే తెగి తెగి వస్తుంటే మాట తెగకుండా ఎట్లా వస్తుంది? కళ్ల సంగతి మరీ అన్యాయం. సాఫీగా చదివేవాళ్ల చూపు గొంతుకంటే రెండు మూడు మాటలు ముందు నడుస్తుంది. భయంలో చూపు, గొంతు ఒకే అక్షరం మీద కూలబడతాయి. అందుకే "క... ల... క... లము" అని వస్తుంది. ఈ స్థితిలో ఉన్నవాణ్ని "గట్టిగ" అనడం, చైను ఊడిన సైకిల్‌ను "జోరుగ తొక్కు" అనడం లాంటిది.

కింద చెప్పేవి బడిలో ప్రయోగిస్తే పిల్లోడికి చదవడం వచ్చేసే ప్రమాదం ఉంది. బాధ్యత ఎవరికి వారిదే.

మొదటి ప్రమాదం: "రేపు ఈ పేరా నీది" అని ముందురోజే చెప్పడం. ఖర్చు సున్నా. క్లాసులో లెక్కల పోటీ ఆ క్షణమే రద్దవుతుంది. ఆ సాయంత్రం పిల్లోడు పేరాను ముందు కళ్లతో చదివి అర్థం చూసుకోవాలి. పెన్సిల్‌తో ఊపిరి తీసుకునే చోటల్లా చిన్న అడ్డగీత పెట్టుకోవాలి. తెలుగు పొడవు మాటలు పాములు కావు, పట్టాలెక్కిన పెట్టెలు, లింకులు విప్పితే విడిపోతాయి. "స్వాతంత్ర్యోద్యమం" అంటే స్వాతంత్ర్య, ఉద్యమం. "కిరణజన్య సంయోగక్రియ" అంటే కిరణ, జన్య, సంయోగ, క్రియ. విడివిడిగా మూడుసార్లు పలికి, తర్వాత కలిపితే నాలుక తడబడదు. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు 2022-23 నుంచి వచ్చాయి కదా, ఇంగ్లిషు చదవాల్సినవాడు ముందు తెలుగు పేజీ చదువుకోవాలి. అర్థం తెలిస్తే ఎక్కడ ఆగాలో దానంతట అదే తెలుస్తుంది.

ఆ తర్వాత అదే పేరా పైకి నాలుగుసార్లు. మొదటిసారి అక్షరాలు చదువుతాడు, రెండోసారి మాటలు, మూడోసారి వాక్యాలు, నాలుగోసారికి విషయం చదువుతాడు. అమెరికాలో ఎస్. జే. శామ్యూల్స్ అనే పరిశోధకుడు ఇట్లా చదివిందే చదవడం గురించి 1979లోనే రాశాడు. మన ఇళ్లలో మాత్రం "సదివిందే సదువుతవేందిరా, ముందుకు పో" అని తిడతారు.

వినేవాళ్లను కూడా మెట్టు మెట్టుగా పెంచాలి. ముందు గోడ, లేదా కట్టేసిన మేక. మేక తప్పులు పట్టదు. తర్వాత చెల్లె, తర్వాత ఒక్క దోస్తు, తర్వాత బెంచీ, అప్పుడు క్లాసు. ఒక మెట్టు మీద గుండె దడ తగ్గేదాకా రెండు మూడు రోజులు అక్కడే ఉండాలి, దూకొద్దు. చదువుతూ తట్టుకున్నప్పుడు "కూసో" అనడమే అన్నిటికంటే చెడ్డది. కూర్చోగానే దడ తగ్గుతుంది. తప్పించుకుంటేనే సుఖం అని ఒంటికి అలవాటవుతుంది, మరుసటిసారి దడ రెట్టింపవుతుంది. తట్టుకున్న వాక్యాన్నే ఇంకోసారి చదివించి, అది పూర్తయ్యాక కూర్చోబెట్టాలి.

లేచాక చేసేవి చిన్నవే. ముందు ఊపిరి తీసుకోవడం కాదు, వదలాలి, నెమ్మదిగా, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు. లోపలికి అదే వస్తుంది. పుస్తకం రొమ్ము ఎత్తున ఉండాలి, కిందికి వంగితే గడ్డం గొంతును నొక్కుతుంది. పుస్తకం వెనక పరీక్షలకు తెచ్చే అట్ట పెట్టుకుంటే వణుకు ఎవరికీ కనిపించదు. లైను కింద వేలు, లేదా స్కేలు. మొదటి వాక్యం కంఠస్థం వచ్చి ఉండాలి, బండి కదిలేది దానితోనే. లేచేముందు ఒక గుక్క నీళ్లు. (ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండ జిల్లాలో నీళ్లు తాగమని చెప్పడం ఎంత పెద్ద ముచ్చటో తెలుసు. అది ఇంకో వ్యాసం.)

సార్ చేయాల్సింది ఇంకా చిన్నది. మాట కాడ ఆగితే ఐదు సెకన్లు నోరు మూసుకోవాలి. అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పాలి, పిల్లోడు అని ముందుకు పోతాడు. మిగతా దిద్దుబాట్లు పేరా అయిపోయాక. గొంతు వినపడకపోతే అరవకుండా తానే లేచి వెనక గోడ కాడికి పోయి నిలబడాలి. తనకు వినిపించాలని పిల్లోడి గొంతు దానంతట అదే పెరుగుతుంది. ఐదు సెకన్లు మౌనంగా ఉండడం, పది అడుగులు నడవడం. ఇంత కష్టమైన పనులు ఎవరు చేస్తారు?

పుస్తకాన్ని ముక్కు కాడికి తెచ్చుకునే పిల్లకు కావాల్సింది ధైర్యం కాదు, కళ్లద్దాలు. ఎంత చదివించినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలది మొండితనం కాదు, అభ్యసన వైకల్యం కావొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అది పేరు పెట్టి ఉంది. ముందు పరీక్ష చేయించాలి, మొట్టికాయ సంగతి తర్వాత.

ఇక అసలు రోగం దగ్గరికి వద్దాం. సార్ అంటాడు: "లేచి సదువు." పుస్తకంలో "చదువు" అని ఉంటుంది. పిల్ల "సదువు" అని చదువుతుంది. సార్ మండిపడతాడు: "సదువు కాదురా, చదువు! సక్కగ పలుకు!"

సక్కగ. ఆయనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పిల్ల అంటే నవ్వారు.

ఇక్కడ వ్యంగ్యం నడవదు. అమ్మానాయనలు పుణేకో బొంబాయికో వలస పోతే, అవ్వ దగ్గర ఉండి బడికొస్తున్న పాలమూరు పిల్ల అది. కొన్ని నెలలు వాళ్ల వెంట పోయి, పునాదులు తవ్వేచోట గుడారంలో ఉండి, బడి పోగొట్టుకుని మళ్లీ వచ్చిన పిల్ల. దాని నోట్లో ఉన్నది అవ్వ మాట. ఆ మాటను నలభై మంది ముందు నవ్వుల పాలు చేసి, పిల్లకు ధైర్యం లేదంటారా? ఏటా సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ ఒక్క రోజు ఇదే పిల్లను స్టేజీ ఎక్కించి "మన యాసల మాట్లాడు బిడ్డా" అని చప్పట్లు కొట్టిస్తారు. పదో తేదీ పొద్దున అదే యాసకు అదే సార్ మూతి తిప్పుతాడు. సిగ్గుండాలి. "చ" నేర్పడం తప్పు కాదు. పేరా అయ్యాక దగ్గరికి పిలిచి "ఇంట్ల సదువు, పుస్తకంల చదువు, రెండూ నీయే" అంటే ఎనిమిది సెకన్లు పడుతుంది. నవ్వించడానికి రెండే సెకన్లు. ఆరు సెకన్ల ఆదా కోసం ఒక గొంతును చంపుతున్నారు.

విచిత్రమేంటంటే ఇదే పిల్ల ఆ పొద్దునే ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పింది. "భారతదేశం నా మాతృభూమి" అని, "భ" ఒత్తు పోకుండా, గడగడా. ఆ ప్రతిజ్ఞ రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు. విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు. ఒకరు ముందు చెబితే అందరూ అంటారు. చెయ్యి వణకదు, నోరు ఎండదు. నత్తి ఉన్న పిల్లలు కూడా గుంపుతో కలిసి పలికేటప్పుడు చాలావరకు నత్తి లేకుండా పలుకుతారు. అంటే మందు రోజూ పొద్దున మైదానంలో ఉచితంగా పంచుతున్నారు. దాన్నే క్లాసులోకి తేవొచ్చు: పేరాను ముందు సార్‌తో కలిసి అందరూ, తర్వాత ఒక వరుస, తర్వాత ఇద్దరు, చివరికి చెయ్యెత్తినవాళ్లు ఒంటరిగా. ఐదు నిమిషాల పని. కానీ "భారతీయులందరూ నా సహోదరులు" అని మైదానంలో చెప్పి, క్లాసులోకి రాగానే ఆ సహోదరిని చూసి నవ్వడం మన ఆనవాయితీ.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో వచ్చిన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లెక్క ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి. "కిరణజన్య సంయోగక్రియ" అందులో రెండే పదాలు. గడియారం పట్టుకుని ఎదుట నిలబడితే మిగిలిన 58 ఎట్లా వస్తాయో ఆ గడియారాన్నే అడగాలి.

ఇదంతా చర్చించడానికి చుట్టుపక్కల బడుల సార్లంతా కూడే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఉండనే ఉంది. పైనుంచి సర్క్యులర్ వస్తుంది, నాలుగు పేజీలు, ఇంగ్లిషులో, విషయం "పఠన నైపుణ్యాలు". "ఒక్కొక్కరు ఒక్కో పేరా చదువుదామా?" అంటాడు హెడ్మాస్టరు. గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఒక మేడమ్ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయారు. ఒకాయనకు పొద్దుటి నుంచి గొంతు పట్టేసింది. ఇంకొకాయనకు సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మూడో వరుసలో సాంఘిక శాస్త్రం సార్ తల దించుకుని, ముందున్న కుర్చీల మీదుగా వేలు నడిపిస్తున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిదో పేరా. మేడమ్ చదవదు, గొంతు పట్టేసినాయన చదవడు, ఫోన్ ఆయన బయటికి పోయాడు, కాబట్టి ఆరోది. చాయ్ గనక ముందే వస్తే...