పదికీ ఇంటర్‌కీ మధ్య ఓ పది రోజులు

విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) డౌన్‌లో ఏదో ఒక మందుల షాపు ముందు పావుగంట నిలబడి చూడండి. చీటీ పట్టుకుని పరుగెత్తుకొచ్చే బంధువులు, రక్తం శాంపిళ్లు పట్టుకెళ్లే ల్యాబ్ కుర్రాడు, నైట్ డ్యూటీ దిగి ఆటో కోసం చూసే నర్సులు, హారన్ కొడుతూ దారి చేసుకునే 108 డ్రైవరు. డాక్టరు మాత్రం ఆ గుంపులో అరుదుగా కనిపిస్తారు. అయినా విశాఖలో పదో తరగతి పిల్లల్ని ఎవరినైనా "ఆస్పత్రిలో ఏం పని చేస్తావ్?" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: డాక్టర్ని అవుతా. పది అయిన పిల్లలకు వేసవిలో ఆస్పత్రి పనులు చూపించే శిబిరం కావాలంటున్నది అందుకే.

లెక్క మాత్రం వేరేలా ఉంది. 2025లో వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. అంటే ఒక్కో సీటుకు 18 మంది. మిగతా 17 మందిలో కొందరు మళ్లీ నీట్ రాయడానికి ఏడాది పాటు లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్తారు, కొందరు "సీటు రాలేదు కాబట్టి" నర్సింగ్‌లోనో ఫిజియోథెరపీలోనో చేరతారు. ఆ "కాబట్టి" దగ్గరే నాకు పేచీ. ఓడిపోయి వచ్చామనుకుంటూ చేరిన పని మీద ప్రేమ పుట్టడానికి ఏళ్లు పడుతుంది. కొందరికి ఎప్పటికీ పుట్టదు.

మా అక్క కూతురు అలా వెళ్లినదే. ఇంటర్ రెండేళ్లు, లాంగ్ టర్మ్ ఒక ఏడాది, ఆ తర్వాత నర్సింగ్. వార్డులో మొదటిసారి పుండుకి డ్రెస్సింగ్ మార్చడం చూసి కళ్లు తిరిగి పడిపోయింది. ఇప్పుడు ఐసీయూలో రాత్రి డ్యూటీలు అవలీలగా చేస్తోంది, అది వేరే సంగతి. "మూడేళ్లు జువాలజీ బట్టీ పట్టించారు గానీ ఒక్క పూట కూడా ఆస్పత్రి లోపల ఏం జరుగుతుందో చూపించలేదు మావయ్యా" అంటుంది.

ఆ ఒక్క పూటని పది రోజులు చేసి వేసవిలో పెట్టమంటున్నాను. కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని ఆర్కన్సాలో హైస్కూలు పిల్లలకు వేసవి వైద్య శిబిరాలు నడుస్తున్నాయి. పల్లెల్లో వైద్య సిబ్బంది దొరక్క, అక్కడి పిల్లల్లోంచే తయారు చేసుకుందామన్నది వాళ్ల ఆలోచన. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి పక్కన పెట్టి స్థానిక పనివాళ్ల దగ్గర పని నేర్పమంది. అయితే అసలు నిర్ణయం జరిగేది పది అయ్యాక, గ్రూపు ఎంచుకునేటప్పుడు. అప్పుడు చూపించేవాళ్లు ఉండరు.

శిబిరం అంటే ప్రొజెక్టర్ పెట్టి ఉపన్యాసాలు ఇవ్వడమైతే దండగ. చేతికి పని దొరకాలి. పక్కవాడి జబ్బకి బీపీ పట్టీ చుట్టి, స్టెతస్కోపు మోచేతి మడతలో ఆనించి, బల్బు నొక్కి గాలి మెల్లగా వదులుతుంటే కాసేపు ఏమీ వినపడదు. ఉన్నట్టుండి టక్, టక్ అని మొదలవుతుంది. మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. ఇంట్లో తాతయ్య "120/80 ఉందట్రా" అంటే ఏమిటో ఆ క్షణాన అర్థమవుతుంది. తర్వాత సీపీఆర్ బొమ్మ, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నేర్చుకునే బొమ్మ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలకే చెమటలు పట్టి, ఈ పని మనిషి మార్చి మనిషి ఎందుకు చేస్తారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంకోటి, కళ్లకు గంతలు కట్టి చేతులకు రంగు పోసి సబ్బులా రుద్దుకోమనండి. గంతలు విప్పాక చూస్తే చాలామందికి బొటనవేలు రంగు అంటకుండానే మిగిలిపోతుంది.

వీటిని నేర్పాల్సింది నర్సులు, టెక్నీషియన్లు, 108 సిబ్బంది. ప్రారంభోత్సవానికి పెద్ద డాక్టరు వచ్చి రిబ్బన్ కట్ చేస్తే చేయనివ్వండి. ల్యాబ్, డయాలసిస్, ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్ష) వంటి 50కి పైగా వృత్తులకు 2021లో ఒక చట్టమే వచ్చింది, ఆ పేర్లలో సగం మన తల్లిదండ్రులకు తెలియవు. ఎంపీసీ పిల్లల్నీ వదలకూడదు. కోవిడ్ కాలంలో వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు తయారైన మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది. మిషన్ విప్పి బాగుచేసే చేతులూ వైద్యానివే.

వార్డుల్లోకి తీసుకెళ్లడం మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. రోగి ఎగ్జిబిషన్ కాదు. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి, అడిగి ఒప్పుకున్న రోగి దగ్గరికే వెళ్లాలి, సూది గుచ్చడం నేర్చుకోవడం బత్తాయి పండుకే పరిమితం కావాలి. టీషర్టులు పంచి, సెల్ఫీలు తీసి, తల్లిదండ్రుల నంబర్లు రాసుకునే ప్రకటనల క్యాంపులు కూడా పుట్టుకొస్తాయి. అలాంటివి పెట్టే కన్నా పెట్టకపోవడమే నయం.

ఖర్చు మరీ భయపడేంత ఉండదు. నర్సింగ్ కాలేజీల్లో బొమ్మలతో, మంచాలతో ల్యాబులు ముందే ఉన్నాయి, సెలవుల్లో వాటికి తాళాలే. ఎటొచ్చీ రావలసింది జాలరిపేట, గాజువాక సర్కారు బడుల పిల్లలు. ఫీజు పెడితే వాళ్లు రారు.

పది రోజుల తర్వాత సగం మంది "ఇది నా వల్ల కాదు" అని వెళ్లిపోయినా నాకు సంతోషమే. మూడేళ్లు, లక్షల ఫీజులు పోశాక తెలియడం కన్నా అది చవక. వెళ్లినవాళ్లకీ కొంత మిగులుతుంది. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకైన తెల్లవారుజామున పడిపోయినవాళ్లని మోసుకెళ్లినవాళ్లలో మామూలు ఊరి జనం ఎంతోమంది. స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతున్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలన్న చిన్న సంగతి మన బడుల్లో నేర్పే అలవాటు లేదు.

అసలు అడ్డంకి కార్పొరేట్ కాలేజీల బ్రిడ్జి కోర్సు, అంటే ఇంటర్ పాఠాలకు ముందే వేసవిలో మొదలుపెట్టే తరగతులు. పది పరీక్షలు అయిన వారానికే అడ్వాన్సు కట్టేసిన తండ్రి, మేలో క్యాంపు అంటే "ఇంకెక్కడి క్యాంపండీ" అంటాడు. ఈ మాటే మా మేనకోడలితో అంటే నవ్వింది. "ఎవరైనా పెడితే చెప్పు మావయ్యా, డ్యూటీ మార్పించుకుని వస్తా. పేషెంటుని మంచం దింపకుండా దుప్పటి మార్చడం నేర్పిస్తా" అంది.