పెద్దలకు పదేపదే థైరాయిడ్ పరీక్ష, పసికందుకు ఒక్కసారీ లేదు

మా వైపు పెళ్లిళ్లలో నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే పది నిమిషాల్లో మాట థైరాయిడ్ మీదికి మళ్లుతుంది. "నాకు థైరాయిడ్ ఉంది వదినా" అని ఒకరంటే, "నాకూ ఉంది, యాభై వేసుకుంటున్నా" అని ఇంకొకరు. యాభై అంటే 50 మైక్రోగ్రాముల మాత్ర. ఆ గ్రంథి అందరి గొంతులోనూ ఉంటుంది కదా అని ఒకసారి నేనంటే మా పిన్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాత ఆవిడ ఫైలు తిరగేస్తే నాకే నవ్వు ఆగిపోయింది. అపార్ట్‌మెంట్‌లో పెట్టిన హెల్త్ క్యాంపులో టీఎస్‌హెచ్ 6.1 వచ్చింది. పక్కన లావు అక్షరాల్లో ‘హై’ అని ఉంది. ఆ వారమే మాత్ర మొదలైంది. మాత్రకు ముందు రెండోసారి పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు. ఇప్పటికి ఎనిమిదేళ్లు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆర్డరు అది. రక్తంలో థైరాయిడ్ హార్మోను కొద్దిగా తగ్గినా పిట్యూటరీ గట్టిగా కేకేస్తుంది, అంటే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. హార్మోను మామూలుగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రం కాస్త పెరిగి ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. థైరాయిడ్ ఉందని చెప్పుకునేవారిలో చాలామంది మొదట దొరికింది ఈ మెట్టు మీదే.

రిపోర్టులో కనిపించే నార్మల్ హద్దును ఎలా గీస్తారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కొన్ని వందల మందికి పరీక్ష చేసి, పైన రెండున్నర శాతాన్ని, కింద రెండున్నర శాతాన్ని పక్కన పెట్టి, మధ్యలో మిగిలిన 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో ఇద్దరో ముగ్గురో లెక్కప్రకారమే ‘హై’ అవుతారు. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త పెరుగుతుంది, అయినా ముప్పై ఏళ్ల మనిషికీ డెబ్బై ఐదేళ్ల మనిషికీ చాలా ల్యాబులు ఒకే హద్దు వేస్తాయి. తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్లు ఎక్కువ. జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలైతే కొన్ని యంత్రాలను తికమక పెట్టి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి.

ఇజ్రాయెల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. మందు వాడకుండా ఉన్నవాళ్లను ఐదేళ్లపాటు గమనించారు. మొదట 5.5 నుంచి 10 మధ్య టీఎస్‌హెచ్ ఉన్నవారిలో 62 శాతం మందికి తర్వాతి పరీక్షలో మామూలుగా వచ్చింది. వాళ్లకు మొదటి రోజే మాత్ర రాసిచ్చి ఉంటే, తగ్గడానికి కారణం మాత్రేనని డాక్టరూ పేషెంటూ ఇద్దరూ నమ్మేవాళ్లు.

మరి రెండు మూడుసార్లు చూసినా ఎక్కువే వస్తే? దీనికి సూటిగా జవాబు వెతికింది 2017లో వెలువడిన ట్రస్ట్ అనే ట్రయల్. స్కాట్లాండ్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లలో 65 ఏళ్లు దాటిన 737 మందిని తీసుకున్నారు. సగటు టీఎస్‌హెచ్ 6.4, మా పిన్నిదానికి దగ్గరే. సగం మందికి లెవోథైరాక్సిన్ (మనవాళ్లు వేసుకునే థైరాయిడ్ మాత్ర ఇదే), సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో ఇచ్చేవారికీ తెలియదు, మింగేవారికీ తెలియదు. ఏడాదికి మందు వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ 3.6కు దిగింది, కాగితం మీద చక్కటి విజయం. కానీ అలసట తగ్గిందా, ఒంట్లో బాగుందా అని అడిగితే రెండు గుంపులకూ తేడా లేదు.

దీన్నీ, ఇలాంటి మరికొన్ని ట్రయల్స్‌నూ కలిపి చూసిన నిపుణుల బృందం 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సబ్‌క్లినికల్ దశలో పెద్దలకు మామూలుగా మాత్ర వద్దని సిఫారసు చేసింది. మినహాయింపులూ రాసింది: గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, టీఎస్‌హెచ్ 20 దాటినవారు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవారు, చిన్న వయసువాళ్లు. ఇది చదివి రేపటినుంచి మాత్ర మానేయమని నా ఉద్దేశం కాదు. గ్రంథి నిజంగా దెబ్బతిన్నవాళ్లకు, ఆపరేషన్‌లో తీసేసినవాళ్లకు ఆ మాత్రే ప్రాణాధారం. నా గొడవంతా మొదటిసారి ‘హై’ అని రాగానే చీటీ రాయడంతోనే.

గర్భిణుల విషయంలో హద్దు మనుషుల్ని ఎలా రోగుల్ని చేస్తుందో ఇంకా బాగా కనిపిస్తుంది. 2011లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ 2.5 దాటకూడదంది. అంతకు మూడేళ్ల ముందే ఢిల్లీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న గర్భిణులను పరీక్షించి మన దగ్గర ఆ పైహద్దు 5 దాకా ఉందని చూపించారు. 2017లో అమెరికా సంఘమే వెనక్కి తగ్గి, ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతపు హద్దు చూసుకోండి, అది లేకపోతే సుమారు 4 అనుకోండి అని మార్చింది. నాకు తెలిసిన కొన్ని ఆసుపత్రి చీటీల మీద 2.5 మాత్రం ఇంకా చెరిగిపోలేదు.

డాక్టర్లనే అనడం న్యాయం కాదు. ఓపీలో ఐదు నిమిషాలు. ఎదురుగా నీరసంగా ఉందంటున్న మనిషి, చేతిలో ‘హై’ అని రాసిన కాగితం. మూడు నెలలాగి మళ్లీ చూద్దామంటే ఆవిడ ఇంకో డాక్టరు దగ్గరికి పోతుంది. మాత్ర చవక, రాస్తే ఇద్దరికీ తృప్తి. కానీ ఆ నీరసానికి అసలు కారణం అలాగే మిగిలిపోతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికంటే ముందు లేచి అందరికంటే చివర పడుకునే మనిషికి టీఎస్‌హెచ్ కంటే ముందు హిమోగ్లోబిన్ చూడాలి. రెండు మాత్రలూ పడ్డవాళ్లకు ఇంకో చిక్కుంది. ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర కలిపి మింగితే రెండోది ఒంటికి సరిగా పట్టదు. నాలుగు గంటల ఎడం కావాలి. ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఇంత పరీక్షల మోజున్న చోట, ఒక్క చుక్క రక్తంతో ఒక జీవితం నిలబడే పరీక్ష మాత్రం చాలా కాన్పు వార్డుల్లో జరగడం లేదు. కొందరు పిల్లలు థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగా పనిచేయకుండానో పుడతారు. మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే అందరిలా చదువుకుంటారు. నెలలు గడిస్తే తెలివితేటలకు జరిగిన నష్టం ఇక పూడదు. హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించి, 1,700 మందిలో ఒకరికి ఈ లోపం ఉందని పరిశోధకులు 2004లోనే ప్రచురించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా పసికందులను చూసింది. 2018లో వచ్చిన ఫలితం 1,130 మందిలో ఒకరు, చెన్నైలో అయితే 727 మందిలో ఒకరు. లక్ష కాన్పులకు దాదాపు 88 మంది పిల్లలు. 2013లో మొదలైన కేంద్ర బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలో ఈ జబ్బు ఉంది. జాబితా చివర, ‘ఐచ్ఛికం’ అనే మాటతో. గోవా, కేరళ తమంతట తాము ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష మొదలుపెట్టాయి. బాలింతలకు దుప్పట్లు, సబ్బులు, బొమ్మలతో కిట్లు ఇచ్చిన మన ప్రభుత్వాలకు మడమ నుంచి ఓ చుక్క రక్తం తీయించడం మోయలేని బరువేమీ కాదు.

కంటితో చూసి పట్టుకుందామంటే కుదరదు. ఈ పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. తర్వాత ఎక్కువసేపు నిద్రపోతారు, పెద్దగా ఏడవరు. "బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలో" అని నాయనమ్మ మురిసిపోతుంది. పచ్చకామెర్లు రోజులతరబడి తగ్గకపోతే పొద్దుటి ఎండలో పడుకోబెడతారు. అనుమానం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

అమలులో చిక్కులున్నాయి, అవి కట్టుకథలు కావు. పుట్టిన మొదటి గంటల్లో బిడ్డ టీఎస్‌హెచ్ సహజంగానే ఉవ్వెత్తున లేస్తుంది, అందుకే రక్తం 48 గంటలు దాటాక తీయాలి. మామూలు కాన్పయితే అప్పటికే చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. దీనికి బొడ్డుతాడు రక్తంతో పరీక్షించే పద్ధతి ఉంది. అసలు తలనొప్పి దాని తర్వాత మొదలవుతుంది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఆసుపత్రిలో రాయించేది మొగుడి ఊరి అడ్రస్, మొగుడి ఫోన్ నంబర్. రిపోర్టు వచ్చేనాటికి బిడ్డ ఉండేది అమ్మమ్మగారింట్లో, ఫోన్ మోగేది ఎక్కడో పనిలో ఉన్న తండ్రి జేబులో. ఆ ఫోన్ ఎత్తకపోతే రెండు ఊళ్లలో ఏ ఆశా కార్యకర్త వెళ్లి ఆ తలుపు తట్టాలో ఇప్పటికైతే ఏ రిజిస్టర్‌లోనూ రాసి లేదు.