వైల్డ్ ఓట్స్ ఎలెవన్‌కు ఆ గంట శిక్ష ఎక్కువేం కాదు

2017 డిసెంబర్ 26. ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి టాస్మేనియా ద్వీపంలోని హోబార్ట్ దాకా సాగే తెరచాప పడవల రేస్ సిడ్నీ రేవులో మొదలై కొన్ని నిమిషాలే అయింది. వంద అడుగుల యాట్లు రెండు ఒకే చోటికి దూసుకొస్తున్నాయి. కమాంచీకి గాలి కుడివైపు నుంచి తగులుతోంది, వైల్డ్ ఓట్స్ ఎలెవన్‌కు ఎడమవైపు నుంచి. తెరచాప పందేల్లో అక్షరాభ్యాసం నాడే నేర్పే నియమం ఒకటుంది: గాలి ఎడమ నుంచి తగిలే పడవే తప్పుకోవాలి. వైల్డ్ ఓట్స్ తప్పుకోలేదు సరికదా, కమాంచీ ముందే మలుపు తీసుకుంది. గుద్దుకోకుండా కమాంచీయే చుక్కాని తిప్పుకోవాల్సి వచ్చింది.

అక్కడికక్కడే తప్పు ఒప్పుకుని శిక్షగా గిర్రున రెండు చుట్లు తిరిగి ఉంటే కొన్ని నిమిషాలతో పోయేది. తిరగలేదు. 628 నాటికల్ మైళ్లు దాటి 1 రోజు 8 గంటల 48 నిమిషాల 50 సెకన్లలో అందరికంటే ముందు హోబార్ట్ చేరింది. కమాంచీ వచ్చింది 26 నిమిషాల తర్వాత. మర్నాడు జ్యూరీ వైల్డ్ ఓట్స్ సమయానికి గంట కలిపింది. గెలుపూ రికార్డూ కమాంచీ ఖాతాలో పడ్డాయి.

పడవను పడవ తాకనే లేదు కదా, దానికి గంటా అని అడగొచ్చు. ఆ వాదన నాకు మింగుడుపడదు. తాకకూడదనే కదా నియమం పెట్టింది! వీటికి బ్రేకులుండవు. పైగా జ్యూరీ ఆ రెండు చుట్లకు పట్టే నిమిషాలే కలిపి ఊరుకుంటే, ఇకముందు రేవులో చుట్లు తిరిగేదెవరు? ముందు గెలుద్దాం, జ్యూరీ సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంటారు.

విచిత్రమేమిటంటే, తనను తాను దిద్దుకోవడంలో వైల్డ్ ఓట్స్‌ను మించింది లేదు. 2005లో నీళ్లలోకి దిగిన ఏడాదే సిడ్నీ–హోబార్ట్‌లో మొదటి రాక, సవరించిన సమయం లెక్కన ఇచ్చే హ్యాండిక్యాప్ విజయం, రికార్డు మూడూ పట్టేసింది. అంతకుముందు ఆ ఘనత 1945లో, మొట్టమొదటి రేస్‌లో గెలిచిన రాణి అనే పడవదే. వైల్డ్ ఓట్స్ 2008 దాకా వరసగా నాలుగుసార్లు ముందుగా చేరింది. 2012లో మళ్లీ మూడూ దక్కించుకుంది. నన్నడిగితే హ్యాండిక్యాప్‌లో గెలిచిన ఆ రెండుసార్లే అసలు గొప్ప. పెద్ద పడవ ముందు చేరడంలో వింతేముంది? పడవ స్థాయిని బట్టి సమయాన్ని సవరించాక కూడా నిలబడాలి.

రికార్డులను మాత్రం నమ్ముకోకూడదు. 2005 కంటే 2012లో ఈ పడవ సమయం బాగుపడింది 17 నిమిషాలే. 2017లో ఏకంగా తొమ్మిదిన్నర గంటలకు పైగా తగ్గింది. అందులో సింహభాగం గాలిదే.

2014లో కమాంచీ కొత్తగా బరిలోకి వచ్చింది. వెడల్పాటి పడవ, గట్టి గాలికి రెచ్చిపోతుంది. సన్నగా ఉండే వైల్డ్ ఓట్స్‌ది పల్చటి గాలిలో పైచేయి. బాస్ జలసంధిలో గాలి పడిపోయేసరికి కమాంచీని దాటేసి, 49 నిమిషాల తేడాతో ఎనిమిదోసారి గెలిచింది. మరొకరైతే అదే పడవను నెత్తిన పెట్టుకుని ఊరేగేవారు. యజమాని బాబ్ ఓట్లీ జట్టు మాత్రం మరుసటి ఏడాది రంపం పట్టుకుంది. గెలిచిన పడవకే ముక్కు కోసి కొత్తది పొడుగ్గా అతికించారు, తోక కత్తిరించారు.

ఫలితం? 2015లో మొదటి రాత్రే పెద్ద తెరచాప చిరిగి వెనుదిరిగింది. 2016 జనవరిలో ఓట్లీ కన్నుమూశారు. ఆ డిసెంబర్‌లో అందరికంటే ముందు పోతుండగా కీల్ మొరాయించింది. పడవ ఒక పక్కకు ఒరిగితే నీటి కింది బరువును ఎదురు పక్కకు జరిపి నిలబెట్టే ఏర్పాటది. దాన్ని నెట్టే హైడ్రాలిక్ ర్యామ్ పాడైంది. మళ్లీ ఇంటిదారే.

రెండేళ్ల ఈ దెబ్బల తర్వాత, 2017 నాటి ఆ మలుపు దగ్గర స్కిప్పర్ (పడవ కెప్టెన్) మార్క్ రిచర్డ్స్ జట్టు ఒక్క నిమిషం కూడా వదులుకోలేకపోయిందంటే అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నంత మాత్రాన సమర్థించలేను. అంతదాకా ఏ లోపం కనిపించినా పడవను కోసి మరీ సరిచేసిన జట్టు, రెండు చుట్లతో సరిపోయే తప్పును హోబార్ట్ దాకా మోసుకెళ్లింది.

2018లో తొమ్మిదోసారి ముందు చేరింది. అప్పుడూ, పడవ ఎక్కడుందో తెలిపే ఏఐఎస్ పరికరం మీద ఫిర్యాదు విచారణ దాకా వెళ్లింది. అది చెల్లదని జ్యూరీ కొట్టేసింది, గెలుపు నిలిచింది. 2017ను కూడా కలిపి పది అని లెక్కపెట్టే అభిమానులు ఈ జ్యూరీ మాట ఒప్పుకుంటే, ఆ జ్యూరీ మాటా ఒప్పుకోవాలి.