నీళ్ల లెక్క నోటీసు బోర్డుకు, రోగి పేరు బీరువాలోకి

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు తాగునీటిలో ఫ్లోరైడ్, దానివల్ల ఎముకలు దెబ్బతిన్న రోగుల సర్వే చేస్తే వివరాలన్నీ ఒకే షీట్‌లో రాసుకోవడం తేలిక. ఊరు, బోరు, తేదీ, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని ఒక పక్క. అదే వరుసలో మనిషి పేరు, ఆధార్, ఫోన్, ఎక్స్‌రేలో కనిపించింది ఇంకో పక్క. ఈ ఎక్సెల్ ఫైలు మొత్తానికి ఒక పాస్‌వర్డ్ పెట్టి ‘గోప్యం’ అని రాస్తే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. ఊరు తెలుసుకోవాల్సిన లెక్క దాగిపోతుంది. దాగాల్సిన పేరు, బోరు లెక్క కోసం పాస్‌వర్డ్ అడిగిన ప్రతి ఒక్కరి కంటా పడుతుంది.

సమాచారాన్ని బహిరంగం, అంతర్గతం, గోప్యం, అతిగోప్యం అని నాలుగు అంచెలుగా విడదీయడం చాలా సంస్థల భద్రతా విధానాల్లో కనిపిస్తుంది. ఏ అంచెకు ఏ తాళం అన్నదే చాలామంది రాయరు. రాసినా ఫైలుకు రాస్తారు. రాయాల్సింది కాలమ్‌కు.

కాబట్టి ముందు ఆ షీట్‌ను చీల్చాలి. బోరు లెక్క బహిరంగం. అలాగని దానికి కాపలా అక్కర్లేదనుకోవద్దు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఎవరో 1.8ని 0.8గా దిద్దితే ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది. ఎవరైనా చదవచ్చు, ఒక్కరే దిద్దాలి, దిద్దిన ప్రతిసారీ పాత అంకె కూడా నిలిచి ఉండాలి. ఇదీ ఆ అంచెకు తగిన తాళం.

రోగి వివరాల్లో పేరు బదులు ఒక కోడ్ ఉండాలి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా వేరే ఫైలులో, ఇద్దరికి మించి తెరవలేని చోట ఉండాలి. ఆధార్‌లో చివరి 4 అంకెలు చాలు. ల్యాప్‌టాప్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి), పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే రికవరీ కీని అదే ల్యాప్‌టాప్‌లో కాకుండా కాగితం మీద తీసి బీరువాలో పెట్టాలి. లాగిన్ ఎవరిది వారికే. అందరూ ‘అడ్మిన్’ పేరుతోనే లోపలికి పోతే, లీకైన రోజు ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే లాగ్ చూసినా మనిషి దొరకడు. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బ తినేది నకళ్ల దగ్గర. షీట్‌ను వాట్సాప్‌లో పంపిన క్షణం సమాచారం అదే అంచెలో ఉంటుంది, తాళం మాత్రం వెనకే ఉండిపోతుంది. ఎక్స్‌రే ఫొటో గ్యాలరీలోకి, అక్కడి నుంచి బ్యాకప్‌లోకి పోతుంది. ఇంకో సంగతి, నలభై గడపల తండాలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు. వయసు, వంగని మోకాళ్లు చెప్తే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

డ్యూటీ చార్టులకు, డీజిల్ బిల్లులకు మామూలు లాగిన్ సరిపోతుంది. వాటికీ ఓటీపీ పెడితే విసిగిపోయిన సిబ్బంది అన్ని పాస్‌వర్డ్‌లూ మానిటర్‌కు అతికిస్తారు.

మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు ఐటీ మనిషి ఉండడు, అన్నిటికీ ఒకటే నియమమైతే పాటించడం తేలిక అని కొందరంటారు. నిజమే, వాళ్లకు నాలుగు అంచెలు ఎక్కువే, రెండు చాలు. ఒక్కటి మాత్రం చాలదు.

చట్టం ఈ పని చేసిపెట్టదు. ఐటీ చట్టం కింద వచ్చిన 2011 నిబంధనలు ఆరోగ్య, బ్యాంకు వివరాలను సున్నిత సమాచారంగా విడిగా చెప్పాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ విభజన లేదు. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా మాత్రం రూ.250 కోట్ల దాకా ఉంది. అదే చట్టం 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో నిరాకరించే దారి తెరిచింది. కాలమ్‌లు విడదీయడం రాని కార్యాలయానికి ఫైలు మొత్తం వ్యక్తిగతంగానే కనిపిస్తుంది. పాలమూరు కూలీ ఉపాధి హామీ మస్టరు (కూలీల హాజరు పట్టీ) అడిగితే అందులో పేర్లున్నాయని తిప్పి పంపొచ్చు. ఆసుపత్రిలో గోప్యమైన పేరు మస్టరులో గ్రామసభ ముందు చదవాల్సిన పేరు. పేరు, పనిదినాలు, కూలి బహిరంగం. బ్యాంకు ఖాతా, ఆధార్ గోప్యం. ఆ రెండు కాలమ్‌లు కొట్టేసి మిగతాది చేతికివ్వడానికి అదే సమాచార హక్కు చట్టంలో 10వ సెక్షన్ ఉంది. అడిగేవాళ్లు దరఖాస్తులోనే ఆ సెక్షన్ రాయాలి.