పొగ లేని నిప్పు, తప్పు లేని సెన్సరు

నిప్పు లేనిదే పొగ రాదన్న మాటకు మన దేశంలో ఇంతకాలం ఎదురు లేదు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని ఊహించడమే తర్కశాస్త్రం విద్యార్థికి నేర్పే మొదటి పాఠం. నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండి తీరాలనుకోవడం మాత్రం పొరపాటని, ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించి ఆ పండితులే హెచ్చరించారు కూడా. 2020 ఏప్రిల్ 1న వాహనాల పొగకు హద్దులు పెట్టే బి.ఎస్.6 (భారత్ స్టేజ్ 6) ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాక ఆ ఇనుప గుండు మన డీజిల్ కార్ల కిందికి వచ్చి చేరింది. దాన్ని డి.పి.ఎఫ్., అంటే డీజిల్ పార్టికులేట్ ఫిల్టర్, అంటారు. పొగలోని మసిని పట్టి దాచుకోవడం, నిండినప్పుడల్లా సుమారు 600 డిగ్రీల వేడిలో దాన్ని తగలబెట్టడం దాని పని. అంత మంట జరుగుతున్నా వెనక గొట్టంలో పొగ కనబడదు. లోపల వేడి ఎంత ఉందో కారులోని కంప్యూటరుకు ఎప్పటికప్పుడు విన్నవించే కొలువు ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సరుది. ఆ సెన్సరుకు జరిగిన అన్యాయాన్ని లోకం దృష్టికి తేవడమే ఈ వ్యాసకర్త ఉద్దేశం.

నా కారులో ఇంజన్ లైటు మొదటిసారి వెలిగింది పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద, అత్తాపూర్ ప్రాంతంలో. సరిగ్గా ఎక్కడంటే చెప్పలేను. ఆ వంతెన కింద కాపురముండే వారందరికీ పిల్లర్ నంబరే చిరునామా కాగా, పైన పోయేవాడికి ఒక్క పిల్లరూ కనబడదు. శనివారం సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లే సమయానికి లైటు ఆరిపోయింది. ఇటువంటి లైట్లు సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాలు నిర్దోషంగా సాగితే వాటంతట అవే ఆరిపోతాయి. లోపం ఏమిటో చెప్పే కోడ్ మాత్రం కంప్యూటరు జ్ఞాపకంలో ఉండిపోతుంది. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే జ్వరం లాంటిదన్నమాట. "ఇప్పుడేం లేదు కదా సార్" అని సలహాదారు నన్నే అనుమానంగా చూశాడు.

కోడ్ మాత్రం దొరికింది: పి0546. ఎగ్జాస్ట్ గ్యాస్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ హై అని దాని పూర్తి పేరు. సర్క్యూట్ అంటే సెన్సరు ఒక్కటే కాదు. దాని రెండు తీగలు, కప్లర్, కంప్యూటరు దగ్గరి పిన్ను, అన్నీ కలిసిన ఉమ్మడి కుటుంబం. అయితే ఆ సెంటరులో ఎవరి చెవికీ సెన్సర్ అన్న మాట దాటి వినబడలేదు. చివరి రెండు మాటలను దైవాధీనం చేసి సెన్సరు మార్చారు. తొమ్మిదో రోజున లైటు వెలిగింది. మళ్లీ మార్చారు. మళ్లీ వెలిగింది. ఇక మిగిలింది కంప్యూటరేనని, దాని ధర ఇంతని ఒక కాగితం చేతిలో పెట్టారు.

వారిని నిందించడం భావ్యం కాదు. నిజం తెలుసుకొనే మార్గాలుగా మన ప్రాచీనులు చెప్పిన ప్రమాణాలలో శబ్దాన్ని, అంటే ఇక్కడ కోడ్ చదివే స్కానరు మాటను, వారు ఆప్తవాక్యంగా శిరసావహించారు. పోయిన వారం ఇంకో కారుకూ ఇలాగే అయిందని ఉపమానాన్నీ ఉపయోగించారు. అనుమానానికైతే, అంటే ఊహకైతే, లోటే లేదు, దాని బిల్లు నా దగ్గర ఉంది. ప్రత్యక్షం ఒక్కటే మిగిలిపోయింది. ప్రత్యక్షం అంటే కారు కిందికి దూరి, మీటరు పెట్టి, వేడెక్కిన బండి తీగలను కదుపుతూ అంకె ఎప్పుడు ఎగురుతుందా అని కాచుకొని కూర్చోవడం. ఆ పనికి ఓపిక కావాలి. ఓపికకు పార్ట్ నంబరు లేదు, అట్టపెట్టె లేదు, ఎం.ఆర్.పి. లేదు. కస్టమరుగా నేను మాత్రం తక్కువ తిన్నానా? కొత్త సెన్సరుకు కిమ్మనకుండా డబ్బు కట్టినవాడిని, "రెండు గంటలు ఆలోచించాం" అని బిల్లు వేసి ఉంటే మేనేజరును పిలవమనేవాడిని.

చివరికి రాణీగంజ్‌లో స్పేర్ పార్టులు అమ్మే ఒకాయన చెప్పిన షెడ్డుకు వెళ్లాను. అక్కడి ఉస్తాద్ ఏ పార్టూ విప్పలేదు. ముందు కోడ్ పక్కన కంప్యూటరు దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే లోపం తలెత్తిన క్షణంలో బండి పరిస్థితి చిట్టా, తెరిచాడు. ఇంజను బాగా వేడెక్కి ఉంది, వేగం 58. "సార్, ఎక్స్‌ప్రెస్‌వే మీద జాయింట్లు దాటేటప్పుడు దడదడమంటుందా?" అని అడిగాడు. నాకు ఒక్కసారిగా వెలిగింది. ఈసారి లైటు కాదు. కారు కింద తీగలను పట్టి ఉంచే క్లిప్పు ఊడి, తీగ వేడిని అడ్డుకునే రేకు అంచుకు రాసుకుంటూ లోపల తెగింది. మామూలుగా కొసలు ఆనుకొనే ఉంటాయి, కుదుపు తగిలితే విడిపోతాయి. వేడి పెరిగేకొద్దీ ఈ రకం సెన్సరు నిరోధం పెరుగుతుంది కనుక, తెగిన తీగలోని అనంతమైన నిరోధం కంప్యూటరుకు అనంతమైన వేడిలా కనబడుతుంది. అక్కడ ప్రళయం వచ్చిందనుకొని అది మసిని కాల్చడం మానేస్తుంది. అలాగే కొంతకాలం సాగితే డి.పి.ఎఫ్. పూడుకుపోయి బండి నత్తనడక పట్టేది. సర్వీస్ సెంటరులోని నున్నటి గచ్చు మీద ఈ తీగ ఎందుకు విడిపోతుంది?

ఉస్తాద్ తీగ అతికి, తొడుగు వేసి, కొత్త క్లిప్పు బిగించి 300 రూపాయలు తీసుకున్నాడు. అంత తక్కువ మొత్తానికి నయమైన రోగాన్ని రోగమని నమ్మడానికి మా ఇంట్లో ఎవరూ సిద్ధంగా లేరు. నిర్దోషులై ఉద్యోగం పోగొట్టుకున్న రెండు సెన్సర్లనూ అడిగి తెచ్చుకొని బాల్కనీలో వేలాడదీశాను. మీటరు పెడితే ఉదయం 30 డిగ్రీలకు సుమారు 223 ఓమ్‌లు, మధ్యాహ్నం 40 డిగ్రీలకు సుమారు 231 ఓమ్‌లు, రెండూ ఒకే మాట మీద ఉంటున్నాయి.